దుప్పిగారి విడిది

మా అటవీ శాఖలో ప్రతి పనికీ ఒక రూలుంది. చెట్టు కొట్టడానికి రూలుంది, కొట్టిన చెట్టు అసలు లేనేలేదని రాయడానికీ రూలుంది. అయినా ఎక్కడో కాస్త వెలితి ఉందని పైవాళ్ళకు తోచినట్టుంది, పోయినేడు ఒక సర్క్యులరు పంపారు. "నిబంధనలు మౌనము వహించిన సందర్భములలో స్థానిక ఆచార వ్యవహారములను అనుసరించవలెను." అంతే, ఒకటే వాక్యం. మా డీఎఫ్ఓ భూపతివర్మగారికి అది తెగ నచ్చేసింది. ఫ్రేము కట్టించి కుర్చీ వెనక తగిలించారు. తరవాత జరిగిందంతా ఆ ఫ్రేము చలవే.

నేను ఆ ఆఫీసులో సూపరింటెండెంటుని, పేరు గుర్నాథం. రూలు ఎక్కడుందో వెతికి చెప్పడం నా ఉద్యోగం. లేకపోతే లేదని చెప్పడం కూడా నా ఉద్యోగమే, కాకపోతే అది ఎవరూ వినరు.

మా డివిజనులో తాటేరు ప్రాజెక్టు ఉంది. ఆనకట్ట కట్టి నీళ్ళు నింపినప్పుడు అడవంతా మునిగి, జువ్విగట్టు అనే కొండ ఒక్కటి నీళ్ళ మధ్య లంకలా మిగిలిపోయింది. ప్రాణభయంతో దాని మీదికెక్కిన దుప్పులు నాలుగు అక్కడే చిక్కుబడ్డాయి. అవి పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలు మళ్ళీ పిల్లల్ని పెట్టాయి. చుట్టూ ఒడ్డున ఊళ్ళు, రోడ్లు, మొక్కజొన్న చేలు. మరో దుప్పి కనబడాలంటే పక్క డివిజను చింతలగూడెం అడవికి పోవాల్సిందే. అందుచేత గట్టు మీద మంద గట్టు మీదే ఉండిపోయింది.

ఆ మందను చదవడానికి యూనివర్సిటీ నుంచి డాక్టర్ హేమలీల అనే అమ్మాయి వచ్చింది. చదవడమంటే ఏమిటో అనుకున్నాం. రోజూ పొద్దున్నే మా శాఖ పడవ నడిపే నూకరాజుతో గట్టుకు వెళ్ళి, వంగి వంగి దుప్పి పెంటికలు ఏరి, చిన్న చిన్న సీసాల్లో వేసి మూతలు పెట్టుకొచ్చేది. గులాబీ మొక్కలకేమో అని మా వాళ్ళు కొన్నాళ్ళు అనుకున్నారు. తీరా చూస్తే ఆ పెంటికల్లోంచే ఏ దుప్పికి ఎవరు తల్లో, ఎవరు తండ్రో చెప్పేస్తుందట. మా ఆఫీసులో కొందరు ఆ మాట విన్నాక ఆవిడ ఎదురుపడితే పక్కకు తప్పుకోవడం మొదలెట్టారు.

రెండేళ్ళు ఏరాక, ఒక రోజు భూపతివర్మగారి గదిలోకి వచ్చి కూర్చుంది.

"సార్, గట్టు మీద దుప్పులన్నీ దగ్గరి చుట్టాలే. ఎన్నో తరాలుగా వాటిలో అవే జతకడుతున్నాయి. రక్తం పలచబడిపోయింది."

వర్మగారి మొహం ఎర్రబడింది. "మేనరికాలంటావా అమ్మా?"

"మేనరికాలు, ఇంకా దగ్గరివి కూడా సార్. పిల్లలు నిలవడం లేదు."

"మా ఆవిడ మా అక్కగారి కూతురండి. మా బాబాయిగారిది మేనత్త కూతురు. ఆళ్ళ అబ్బాయిది మేనమావ కూతురు. మా ఇంట్లో ఎవరికైనా తోకలు మొలిచాయేంటండి?"

పెద్దాయన ఇంత చిన్న అమ్మాయిని అండీ అన్నారంటే కోపం వచ్చినట్టే లెక్క. హేమలీల తొణకలేదు.

"ఒక తరం కాదు సార్, అన్ని తరాలూ అంతే. బయటి రక్తం చుక్క కూడా రాలేదు. పోయినేడు చెవి చిరిగిన దుప్పికి పిల్ల పుట్టింది. నిలబడలేకపోయింది సార్. మోకాళ్ళ మీద దేక్కుంటూ వెళ్ళి పాలు తాగబోయింది. అందలేదు. అది పోయాక కూడా తల్లి దాన్ని నాకుతూనే ఉంది. నేను అక్కడే కూర్చుని చూశాను." చేతిలో సీసా బల్ల మీద పెట్టింది. "ఈ అదనులో బయటి పోతు ఒకటి రాకపోతే, ఉన్న ఆడవాటికి వయసైపోతుంది. ఆ తరవాత ఇక్కడ దుప్పులుండేవని మీరు బోర్డు పెట్టుకోవడమే."

వర్మగారు చెడ్డమనిషి కాదు. చిన్నపిల్లల సంగతి వింటే ఇట్టే కరిగిపోతారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తెప్పిద్దాం అమ్మా, తెప్పిద్దాం. గుర్నాథంగారూ, రూలేవిటండి?"

వెతికాను. చచ్చిన దుప్పికి రూలుంది, గాయపడ్డ దుప్పికుంది, చేను మేసిన దుప్పికుంది. సిబ్బందిని బదిలీ చెయ్యడానికి లావుపాటి పుస్తకమే ఉంది. మగ దుప్పిని ఒక డివిజను నుంచి ఇంకో డివిజనుకు సంసార నిమిత్తం పంపడానికి మాత్రం ఏమీ లేదు.

"రూలు మౌనం వహించిందండి."

వర్మగారు కుర్చీ వెనక్కి తిరిగి ఫ్రేము వంక భక్తిగా చూశారు. "అయితే ఆచారం. మగాణ్ణి తెచ్చి ఆడాళ్ళింట్లో పెట్టుకుని కాపరం చెయ్యమంటే, దాన్ని మన వైపు ఏవంటారండి?"

"ఇల్లరికం అంటారండి."

"అదే రాయండి."

రాశాను. "విషయము: వన్యప్రాణి సంరక్షణ – జువ్విగట్టు దుప్పికన్యలకు యోగ్యుడగు వరుని ఇల్లరికము పంపుట గూర్చి – మనవి." హేమలీల అది చదివి నా మొహంలోకి చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

చింతలగూడెంలో దుప్పులు చీమల్లా ఉంటాయి. చేలు మేసేస్తున్నాయని రైతులు రోజూ ధర్నా. కావాలంటే బండెడు తోలుకుపొమ్మని అక్కడి డీఎఫ్ఓ త్రిమూర్తులుగారు ఊరూరా చెప్పుకునేవారు. మా లేఖ అందిన మరుక్షణం ఆయన మగపెళ్ళివారైపోయారు. మరి అడిగినవాడు ఎప్పుడూ ఆడపెళ్ళివాడే కదా. జవాబు ఇలా వచ్చింది: "మా వద్దనున్న వరులకు సంబంధముల కొరత లేదు. అయినను తమరి మర్యాదను దృష్టియందుంచుకొని పిల్లలను చూచుటకు సమ్మతించడమైనది."

రెండు జీపుల్లో దిగారు. ఉప్మా, జీడిపప్పు పకోడీ, పూతరేకులు అయ్యాక పడవెక్కారు. త్రిమూర్తులుగారికి నీళ్ళంటే హడలు. పడవ అంచు రెండు చేతులా పట్టుకుని, "ఏమయ్యా, లోతెంతుంటుందిక్కడ?" అనడిగారు.

"తవరు మునగడానికి సరిపోతాదండి, ఆయ్" అన్నాడు నూకరాజు వినయంగా.

గట్టు దిగి దుర్భిణీ పెట్టి చూసి త్రిమూర్తులుగారు పెదవి విరిచారు. "పిల్లలు కాస్త నీరసంగా ఉన్నారు."

"పెళ్ళయితే పుంజుకుంటారండి" అన్నారు వర్మగారు.

"ఆ చెవి చిరిగిన పిల్ల మాత్రం మాకొద్దు."

హేమలీల ఇక ఆగలేకపోయింది. "సార్, ఆ ఒక్కదాన్నీ వద్దంటే కుదరదు. పోతు ఒక్కదానితోనే ఉండదు. మందలో అన్నిటితోనూ జతకడుతుంది."

త్రిమూర్తులుగారు దుర్భిణీ దించేశారు.

"అన్నిటితోనూనా?" అన్నారు త్రిమూర్తులుగారు. "మొదటి భార్య ఉండగా రెండో పెళ్ళికి ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదమ్మా. ముందస్తు అనుమతి కావాలి. నా సర్వీసులో ఇద్దరు ఫారెస్టర్లు ఈ కారణంగానే సస్పెండయ్యారు."

అందరూ నావైపు తిరిగారు. నేను గొంతు సవరించుకున్నాను. "నియమావళి ఉద్యోగులకండి. ఇతను ఉద్యోగి కాదు. అల్లుడు."

ఆ మాటతో సంబంధం ఖాయమైంది. తాంబూలాలు పుచ్చుకున్నారు. లాంఛనాల పట్టీ మాత్రం చింతలగూడెం వెళ్ళాక పంపారు. కొత్త టైర్లు వేసిన వ్యానులో తీసుకురావాలి. పొలిమేరలో ఎదురుకోలు జరగాలి. అన్నిటికన్నా ముఖ్యం, వరుడు సరాసరి గట్టు మీదికి పోకూడదు, ఒడ్డున మర్యాదగా విడిది ఏర్పాటు చెయ్యాలి. హేమలీల పట్టీ చదివి, "వ్యాను దిగి పడవెక్కితే అయిపోయేదానికి విడిదెందుకండీ?" అంది. వర్మగారు నొచ్చుకున్నారు. "విడిది లేని పెళ్ళేవిటమ్మా, లేవదీసుకొచ్చినట్టు?"

ఒడ్డున గడ్డి బాగా ఉన్న చోటు చూసి విడిది కట్టడం మొదలెట్టాం. ఎత్తయిన కంచె, నీడకు పాక, తాగడానికి తొట్టి. గుమ్మానికి మామిడి తోరణం కట్టించాను, దాన్ని వరుడు తినేస్తాడని తెలిసినా. మూడు వైపులా కంచె లేచింది. నాలుగో వైపు నీళ్ళు. నీళ్ళు మావి కావు, ఇరిగేషన్ వాళ్ళవి. నీటి అంచున గుంజలు పాతుకోవచ్చా అని వాళ్ళకు రాస్తే, "మా జలములయందు ఇతర శాఖల గుంజలు అనుమతించబడవు" అని జవాబిచ్చారు. సరే, మనకెందుకొచ్చిన గొడవని ఆ వైపు వదిలేశాం.

హేమలీల వచ్చి విడిది చుట్టూ తిరిగింది. చుట్టూ అంటే మూడు వైపులా. "ఈ నాలుగో వైపు ఇంతేనా గుర్నాథంగారూ?" అనడిగింది. "ఇంతేనమ్మా, నీళ్ళు ఇరిగేషన్ వాళ్ళవి" అన్నాను. ఏదో అనబోయి మానేసింది. "చాలా బాగుందండి" అని మాత్రం అంది.

ఇవన్నీ అయ్యేసరికి జ్యేష్ఠం దాటిపోయింది. వరుడు దిగాడు. దిట్టమైన పోతు, ఒంటి నిండా మెరిసే చుక్కలు, ఎడమ కొమ్ము చివర కాస్త వంకర. సన్నాయి వాయిస్తుంటే బెదిరి పాకలో దూరాడు. సాయంత్రానికి తేరుకుని తోరణం తినేశాడు. హేమలీల వాణ్ణి చూసిన చూపు చెబితే నమ్మరు, కన్నకొడుకు పరీక్ష ప్యాసైతే తల్లి అలా చూస్తుంది.

"రేపు పొద్దున్న పడవెక్కిద్దాం సార్" అంది.

విడిది పక్కన వేసిన షామియానాలో కూర్చున్న త్రిమూర్తులుగారు చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఎలా ఎక్కిస్తారమ్మా? ఇవాళే ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో అల్లుడు అత్తారి గడప తొక్కుతాడా? మాకు పరువూ ప్రతిష్ఠా లేవా?"

వర్మగారు నాలిక్కరుచుకున్నారు. "అవునండోయ్! ఎంత తప్పు జరిగిపోయేది."

"సార్, వాటికి జతకట్టే అదను ఇదేనండీ, ఇప్పటికే ఆలస్యమైంది." హేమలీల లేచి నిలబడింది. "శ్రావణందాకా ఆగితే ఈ ఏడు పోయినట్టే. వచ్చే ఏటికి ఆ ముసలివి ఉండవు. దుప్పులకి ఆషాఢమేంటి సార్?"

"రూలు మౌనం వహించినప్పుడు..." అని వర్మగారు ఫ్రేము కోసం వెనక్కి తిరిగారు. అది ఆఫీసులో ఉంది.

ఆ అమ్మాయి బయటికి వెళ్ళి జీపు మెట్టు మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఏడుపొచ్చింది. ఉద్యోగంలో చేరాక నాకు ఏడుపు రావడం అదే మొదలు. అందుకే లోపలికెళ్ళి నాకు చేతనైంది చేశాను.

"అయ్యా, ఒక సందేహమండి. ఇల్లరికపు అల్లుడికి అత్తారిల్లే సొంతిల్లు కదా. సొంతింటికి పోవడానికి ఆషాఢం అడ్డమొస్తుందాండి?"

ఇద్దరు డీఎఫ్ఓలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముచ్చటపడ్డారు. "ఎంత సూక్ష్మం పట్టుకున్నారండి గుర్నాథంగారూ!" అని వర్మగారు నా భుజం తట్టారు. హమ్మయ్య, ఒప్పుకున్నారనుకున్నాను. "దీని మీద ప్రధాన కార్యాలయం నుంచి స్పష్టత కోరుతూ ఇవాళే రాసేయండి" అన్నారు.

స్పష్టత కోరామంటే మా శాఖలో ఆ పని వచ్చే జన్మకి వాయిదా పడినట్టే. నా నాలుక నేనే కోసుకోవాలనిపించింది.

అలా వారం గడిచింది. వరుడు విడిదిలో పచ్చగడ్డి, నానబెట్టిన శనగలు తిని నున్నగా తయారయ్యాడు. ఒక పొద్దున జల్లు పడి వెలిసింది. అవతల జువ్విగట్టు మీద ఏదో ముసలి పోతు గొంతెత్తి అరిచింది. అరగంట తరవాత నూకరాజు వగర్చుకుంటూ ఆఫీసులోకి వచ్చిపడ్డాడు.

"బాబూ! అల్లుడుగారు ఈతకొట్టేశారండి!"

"ఏవిట్రా?"

"ఆయ్! గట్టు మీంచి ఆ ముసలాడు అరిసేడండి. ఈయన సెవులు నిక్కబొడుసుకుని ఓసారి ఇన్నాడండి. నీళ్ళలోకి దిగిపోయి, కొమ్ములు పైకెట్టుకుని, గీత గీసినట్టు ఎల్లిపోయాడండి. నా పడవ కూడా అంత తిన్నగా పోదండి!"

హేమలీల అక్కడే ఉంది. గట్టిగా నవ్వడం మొదలెట్టింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా ఆపుకోలేకపోయింది. వర్మగారి మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. రక్షణలో ఉన్న వన్యప్రాణి తప్పించుకుపోతే విచారణ, విచారణంటే సస్పెన్షను. అది స్పష్టంగా రూల్లో ఉంది, అక్కడ మౌనం లేదు.

"గుర్నాథంగారూ, అల్లుడుగారు విడిదిలోనే ఉన్నారండి" అన్నారు నెమ్మదిగా.

"చిత్తమండి."

పచ్చగడ్డి యథాప్రకారం విడిదికి పోతూనే ఉంది. "వరునికి సుస్తీ ఏదియు లేదు. ఆహారము సంతృప్తికరముగా స్వీకరించుచున్నారు" అని ప్రతి సోమవారం చింతలగూడేనికి రాస్తూనే ఉన్నాను. ఆహారం స్వీకరిస్తున్న మాట నిజమే. నూకరాజు మేకలు ఆ నెలలో బలిశాయి.

శ్రావణం రాగానే త్రిమూర్తులుగారు అల్లుణ్ణి స్వయంగా సాగనంపుదామని దిగారు. విడిది ఖాళీ.

"అల్లుడేడండి?"

"స్నానానికి వెళ్ళారండి" అన్నారు వర్మగారు.

త్రిమూర్తులుగారు అనుమానంగా దుర్భిణీ తీసి నీళ్ళ మీంచి గట్టు దాకా చూశారు. అక్కడ మంద మధ్యలో, చెవి చిరిగిన దుప్పి పక్కనే, దిట్టమైన పోతు ఒకటి తాపీగా నెమరేస్తోంది. ఎడమ కొమ్ము చివర వంకర.

"వర్మగారూ, ఆ వంకర కొమ్ము... మావాడేనండి!"

వర్మగారు దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు. "మీవాడైతే విడిదిలోంచి పారిపోయినట్టండి. పారిపోతే విచారణ. ఇంకా అప్పగింతలు కాలేదు కాబట్టి బాధ్యత ఇద్దరిదీను."

త్రిమూర్తులుగారు దుర్భిణీని జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నారు.

"మావాడు పద్ధతైనవాడండి. విడిదిలోనే ఉంటాడు. అక్కడున్నాడంటే వాడు మావాడు కాడు."

"అంతేకదండి" అన్నారు వర్మగారు. కాఫీలొచ్చాయి. వియ్యంకులిద్దరూ ఖాళీ విడిది ముందు కుర్చీలు వేసుకుని వానల గురించి మాట్లాడుకున్నారు.

మాఘమాసం వచ్చింది. ఒక ఉదయం హేమలీల నన్నూ, వర్మగారినీ బలవంతాన పడవెక్కించింది. గట్టు మీద పొదల చాటున కూర్చోబెట్టి, మాట్లాడవద్దని సైగ చేసింది. ఎదురుగా చెవి చిరిగిన దుప్పి. దాని కడుపు కింద అప్పుడే పుట్టిన పిల్ల. లేవబోయి వణికింది, ముక్కు నేలకు కొట్టుకుంది. హేమలీల నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా. పిల్ల మళ్ళీ లేచింది. నాలుగు కాళ్ళ మీద నిలబడి, తిన్నగా పొదుగు దగ్గరికి నడిచి, తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. తల్లి ఉలిక్కిపడి దాన్ని నాకడం మొదలెట్టింది.

వర్మగారు కండువాతో కళ్ళొత్తుకుంటున్నారు. "మా మనవడు పుట్టినప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదండి" అన్నారు తిరుగు పడవలో. తరవాత నెల్లాళ్ళలో ఇంకా చాలా పుట్టాయి. అన్నీ నిలిచాయి.

హేమలీల మళ్ళీ పెంటికలు ఏరింది. పిల్లలందరికీ తండ్రి ఆ బయటి పోతేనని రుజువుతో సహా రిపోర్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. వర్మగారు ఇబ్బందిగా కదిలారు.

"అమ్మా, మా రికార్డు ప్రకారం ఆయన విడిదిలో ఉన్నాడు. పెంటికల మాట నమ్మమంటావా, ఆఫీసు మాట నమ్మమంటావా?"

"మరి ఈ పిల్లలంతా ఎలా పుట్టారని రాస్తారు సార్?"

వర్మగారి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన మనసులో ముల్లులా ఉన్నదేదో ఒక్కసారిగా ఊడి బయటపడ్డట్టుంది. నాతో ఇలా రాయించారు: "బయటి వరుని ప్రమేయము ఎంతమాత్రము లేకుండగనే జువ్విగట్టు మంద బహు ఆరోగ్యముగా వృద్ధి చెందినది. దీనిని బట్టి మేనరికములు హానికరమను వాదము నిరాధారమని తేలినది." పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఇకమీదట ఏ మందకూ బయటి పోతుల్ని తేనక్కర్లేదని అన్ని డివిజన్లకూ తాఖీదు పంపారు. అదే కవరులో మా ఆషాఢం సందేహానికి జవాబు కూడా ఉంది: "ఆషాఢము ముగిసినందున విషయము ముగిసినట్లుగా భావించడమైనది."

ఆ తాఖీదు పట్టుకుని నేను దిగాలుగా కూర్చున్నాను. ఎందుకంటే తాటేరులో ఇంకో మెట్ట ఉంది, ఉడుములమెట్ట. దాని మీదా దుప్పులున్నాయి, వాటి కథా ఇదే. హేమలీల అక్కడి పిల్లల గురించి బెంగపడుతోందని నాకు తెలుసు. ఆవిడ రానే వచ్చింది. తాఖీదు చూపించాను. "ఇక మగ దుప్పిని అడగడానికి దారి లేదమ్మా."

చదివి మడతపెట్టింది. నవ్వుతోంది.

"నేను పోతుని అడగడం లేదండి. మన అల్లుడుగారు ఇంకా విడిదిలోనే ఉన్నారుగా?"

"రికార్డు ప్రకారం ఉన్నారు."

"పాపం, ఇంత కాలంగా ఒక్కరే ఉంటున్నారు. తోడుపెళ్ళికొడుకు లేని పెళ్ళికొడుకుని మీరెక్కడైనా చూశారా గుర్నాథంగారూ?"

ఫైలు పట్టుకుని వర్మగారి గదిలోకి పరుగెత్తాను.

"తోడుపెళ్ళికొడుకుకి రూలుందాండి?" అనడిగారాయన.

"మౌనం వహించిందండి."

"ఎంత పొరపాటు జరిగిపోయిందండి! త్రిమూర్తులుగారు ఏవనుకుని ఉంటారు? వెంటనే ఒకణ్ణి పంపమనండి."

"విడిది కూడా మారిస్తే బాగుంటుందండి. అల్లుడుగారికి గాలిమార్పు. ఉడుములమెట్టకి ఎదురుగా, ఒడ్డున."

"మార్చండి, మార్చండి. అల్లుడికి లోటు రాకూడదు. కంచె మాత్రం గట్టిగా వేయించండి."

"చిత్తం" అని నోటు రాసి సంతకానికి పెట్టాను. కంచె ఎన్ని వైపులని ఆయన అడగలేదు. అడక్కపోయినా రాశాను, మూడు వైపులని. నీళ్ళు ఇరిగేషన్ వాళ్ళవి కదా.